వెండి నాణెం మీద ఆడే ముఖం

మా నాన్నగారు బ్యాంకు ఉద్యోగి. నాణేలు సేకరించడం ఆయనకు ఉద్యోగం కంటే పాత అలవాటు. బదిలీ మీద శంషాబాద్ వచ్చి, సాతంరాయిలో ఇల్లు అద్దెకు తీసుకున్న ఏడాది ఆయనకు విదేశం నుంచి ఒక పార్సెల్ వచ్చింది. చెక్కపెట్టెలో ముఖమల్ గుంట, గుంటలో గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ, డబ్బీలో నా అరచేతిలో సగం వెడల్పున్న వెండి నాణెం. దానికి ఒకవైపు ఆ దేశపు రాణిగారి తల ఉంది. రెండోవైపు ఒక పక్షి ముఖం ఉంది. దాని ముక్కు నిలువునా రెండుగా తెరుచుకుని, లోపలి నుంచి ఒక మనిషి ముఖం బయటికి చూస్తోంది.

పెట్టెతోపాటు ఒక కరపత్రం కూడా వచ్చింది. ఆ దేశపు సముద్రతీరంలో అనాదిగా ఉంటున్న జనులు దేవదారు చెక్కతో ఇటువంటి ముఖాలు చెక్కుతారని, నాట్యం మధ్యలో ఆడేవాడు దారాలు లాగితే పై ముఖం చీలి లోపలి ముఖం కనిపిస్తుందని అందులో ఉంది. ఆ జనుల్లోనే ఒక శిల్పి గీసిన బొమ్మను టంకశాలవారు వెండి మీద అచ్చొత్తారట.

"దీని మీద ఇరవై డాలర్లని ఉంది కదా నాన్నగారూ. ఆ దేశంలో కిరాణా కొట్లో ఇస్తే తీసుకుంటారా?" అని అడిగాను.

"చట్టప్రకారం చెల్లుతుందమ్మా."

"మరి ఎవరైనా ఇస్తారా?"

"మతి ఉన్నవాడెవడూ ఇవ్వడు. డబ్బీ తెరిస్తేనే దాని విలువ పోతుంది. వేలిముద్ర పడిందా, ఇక అంతే."

అంటే అది ఖర్చు పెట్టకూడని డబ్బు. దాని మీదున్నది కట్టుకోవడానికి వీల్లేని ముఖం. రెండు వస్తువులనూ వాటి పనుల్లోంచి తప్పించి ఒకచోట కలిపితే, ఆ మూడో వస్తువు చేసే పనేమిటన్నది నాకు అంతుచిక్కలేదు. నాన్నగారిని అడిగితే, "చూడటం" అన్నారు. ఆ జవాబు నాకు చాల్లేదు.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. కళాశాల వక్తృత్వ బృందంలో ఇద్దరమే ఆడపిల్లలం. ప్రత్యేక రాష్ట్రం గురించిన వాదన ఊరంతా జరుగుతున్న రోజులు కావడంతో మేము ఏ విషయం మీద మాట్లాడినా చివరికి 'ఇది ఎవరిది, అది ఎవరు చెప్పాలి' అన్న దగ్గరికే చేరేది. ఆ ఏడు అంతర్ కళాశాలల పోటీకి ఇచ్చిన అంశం కూడా అలాగే కుదిరింది: పవిత్రమైన రూపాలను అమ్మకపు వస్తువులుగా చేయడం తప్పు. చీటీ తీస్తే నాకు వ్యతిరేక పక్షం వచ్చింది. తప్పు కాదని నేను నిరూపించాలి. నాణెం నాకు మంచి సాక్ష్యంగా తోచింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మ పట్టీల కొక్కెం ఊడింది. దాన్ని బాగుచేయించడానికి శంషాబాద్ పాత బజారులో ఒక చిన్న దుకాణానికి వెళ్ళాను. మా ఇంట్లో కంసాలి అంటాం, అక్కడివాళ్ళు అవుసలాయన అంటారు. అరవై ఏళ్ళ మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, నల్లటి లక్క ముద్ద మీద బిగించిన వెండి రేకును చిన్న సుత్తితో కొడుతున్నాడు. రేకులోంచి ఒక స్త్రీ ముఖం పైకి లేచి ఉంది. ముక్కుపుడక, నుదుట బొట్టు, పెదవుల అంచున ఉన్న కోపం అన్నీ తేలాయి. కళ్ళున్నచోట మాత్రం నున్నటి వెండి.

"ఏంది బిడ్డా, పట్టీలిచ్చెతందుకు వచ్చినవా, నా దుకాణం తనిఖీకి వచ్చినవా?" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

"ఆ ముఖానికి కళ్ళు లేవేమిటండీ అంకుల్?"

"అంకుల్ అనకు. పెట్రోలు బంకుల పిలిచినట్టున్నది. కాకా అను, చాలు."

"కళ్ళు లేవేమిటి కాకా?"

"ఉంటయి. ఇయ్యాల గాదు. బోనాల ఐతారం నాడు, గుడి కాడ, ఊరోల్లందరి ముందట దీస్త. గప్పటిదాంక ఇది ఉట్టి వెండి."

అది మైసమ్మ ముఖం. విమానాశ్రయం గోడకు ఆనుకుని ఉన్న ఒక ఊరివాళ్ళది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గుడిని వెనక్కి జరిపి కట్టుకున్నారు. కొత్త గుడిలోని రాతికి తొడగడానికి వెండి ముఖం కావాలనుకున్నారు. ఆ వెండి ఎవరూ కొన్నది కాదు. ఒక ఇంటి నుంచి అరిగిన మెట్టెలు, ఒక ఇంటి నుంచి విరిగిన కడియం, ఇంకో ఇంటి నుంచి పిల్లలకు చిన్నదైపోయిన మొలతాడు వచ్చాయి. అన్నీ ఒకే మూసలో కరిగించి రేకు తీశాడు ఆయన. చివరగా ఉలితో కళ్ళగీతలు తీయడం మాత్రం గుడి దగ్గరే జరగాలి. అవి తీశాక ఆ ముఖాన్ని పనిముట్టుతో ముట్టుకునే అధికారం చేసినవాడికి కూడా ఉండదు.

మర్నాడు నాన్నగారి అనుమతితో, డబ్బీ తెరవనని మాటిచ్చి, నాణెం తీసుకువెళ్ళాను. కాక దాన్ని వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు.

"పట్టుకోనియ్యవా?"

"డబ్బీ తెరవకూడదండీ. వేలిముద్ర పడుతుంది."

"ఏం తప్పు జేసిందని బిడ్డా, దీన్ని జైల్ల పెట్టిన్రు?" అని నవ్వాడు. తర్వాత నవ్వకుండా అడిగాడు. "ఒకటి చెప్పు. ఇది ఆడే మొకమా, నిలిచే మొకమా?"

నాకు అర్థం కాలేదు.

"మనిషి కట్టుకోని ఎగిరే మొకం ఒకటుంటది. రాయికి తొడిగితే కదలకుంట నిలిచే మొకం ఒకటుంటది. రెండిట్ల ఏది?"

"ఆడేదే. నాట్యానికి కట్టుకుంటారట."

"మరి గిట్ల అచ్చు గుద్దెతందుకు ఆ ఊరోల్లు ఒప్పుకున్నరా?"

కరపత్రంలో శిల్పి పేరుంది, వెండి స్వచ్ఛత ఉంది, బరువు ఉంది. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం లేదు. వారం రోజులు కళాశాల గ్రంథాలయంలోని కంప్యూటరు దగ్గర కూర్చున్నాను. నేను చదివినంతలో, ఆ తీరంలో కొన్ని ముఖాలు కొన్ని ఇళ్ళవే. వాటిని కట్టుకుని ఆడే హక్కు వంశంలో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. బయటివాళ్ళకు చూపకూడనివీ ఉన్నాయి. అమ్మకం కోసం శిల్పులు విడిగా చెక్కేవీ ఉన్నాయి. మా నాణెం మీదున్నది ఏ రకమో ఎక్కడా దొరకలేదు. ఈ రోజు వరకూ నాకు తెలియదు.

ఇవన్నీ చెప్పడానికి వెళ్తే కాక పని ఆపి, స్టూలు నా వైపు జరిపాడు.

"నీకు వాదం చేసుడు వస్తది గద. జర నాకొక సలహా చెప్పు."

సంగతి ఇది. విమానాశ్రయం దగ్గర ప్రయాణికులకు జ్ఞాపికలు అమ్మే వ్యాపారి ఒకాయన ఆ మైసమ్మ ముఖాన్ని చూశాడు. దాన్నుంచి అచ్చు తీసి, చిన్న వెండి బిళ్ళలుగా పెట్టెల్లో పెట్టి అమ్ముదామన్నాడు. ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. కాకకు ఆ పని అవసరం. పెద్ద షోరూముల్లో మిషను పట్టీలు వచ్చాక ఆయనకు మిగిలింది కొక్కేలు అతికే పనే. బోనాల తర్వాత దుకాణం మూసేసి, సరుకుల గోదాములో కాపలాకు చేరతానని అప్పటికే అక్కడి మేస్త్రీతో మాట్లాడుకున్నాడు. నలభై ఏళ్ళు ఉలి పట్టిన చేయి ఇక కర్ర పట్టుకోవాలి. అచ్చు తీస్తే ఆ అగత్యం తప్పుతుంది. కానీ తీయాలంటే ఆదివారంలోగా తీయాలి. కళ్ళు తెరిచాక ముట్టుకోలేడు.

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "మీరే అన్నారు కదా కాకా, కళ్ళు తీసేదాకా అది ఉట్టి వెండేనని. అలాంటప్పుడు ఇవాళ తీసిన అచ్చు వెండి రేకు అచ్చే అవుతుంది గాని అమ్మవారి అచ్చు కాదు. మీ నియమాన్ని మీరు దాటినట్టే కాదు."

నా ఆ వారపు ఆలోచనలన్నిటిలోకీ అది పదునైనదని నాకు గర్వంగా ఉండింది. పోటీలో అదే చెప్పాలని అప్పుడే అనుకున్నాను కూడా.

కాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మంచిగ చెప్పినవ్. ఇంతకు నీదే పక్షం?"

"చీటీలో ఏది వస్తే అదే మా పక్షం కాకా. నాకు 'తప్పు కాదు' అని వచ్చింది."

"'తప్పు' అని వచ్చుంటే?"

"అప్పుడు తప్పని వాదించేదాన్ని."

"గట్లనా? అయితే నీకు నోరున్నది గని, మాట లేదన్నట్టు." ఈసారి నవ్వలేదు. "నీ మాట నాకు నచ్చింది. ఊకెనే నచ్చింది గనుకనే అనుమానం. వెండి ఇచ్చినోల్లు బేస్తారం వస్తరు, చూసుకునెతందుకు. నువ్వు సుత రా. చెప్పింది నువ్వే గద, నువ్వే చెప్పు."

గురువారం ఐదుగురు స్త్రీలు ఆటోలో వచ్చారు. అందరికంటే పెద్దామెను అంతా అవ్వా అని పిలుస్తున్నారు. ఆమె కడియమే ఆ ముఖంలో ఎక్కువ వెండి. కాక కొత్త రవికె గుడ్డ పరిచి దాని మీద ముఖాన్ని పెట్టాడు. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. ముక్కుపుడక చిన్నదైందని ఒకామె, కోపం సరిపోలేదని ఒకామె అన్నారు. తర్వాత కాక వ్యాపారి సంగతంతా దాచకుండా చెప్పి, నా వైపు చూపించాడు. నేను లేచి నిలబడి, వేదిక మీద లాగానే, నా వాదన వినిపించాను.

"ఏం పిల్లనే, రేడియోల వార్తలు చదివినట్టే ఉన్నది!" అని ఒక నడివయసు ఆమె పక్కామెను పొడిచింది. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు.

"మల్లొకసారి చెప్పు బిడ్డా, జర మెల్లగ."

మళ్ళీ చెప్పాను. అవ్వ తల ఊపింది.

"సరే. కండ్లు లేకుంటే అమ్మ గాదు. ఒప్పుకున్న. అచ్చు దీసిన్రు, బిళ్ళ జేసిన్రు. ఆ బిళ్ళకు కండ్లు పెడ్తరా, పెట్టరా?"

నేను కాక వైపు చూశాను.

"పెట్టకుంటే ఎవలు కొంటరవ్వా? పెట్టాలె," అన్నాడు కాక.

"ఎవలు పెడ్తరు?"

"నేనే."

"ఎక్కడ?"

"గీడనే. దుకాణంల."

"ఎవల ముందట?"

కాక రవికె గుడ్డ అంచు సర్దాడు.

"అంటే, గుడి కాడ ఊరంత నిలబడితే ఒక్కపారి దీసే కండ్లు, నువ్వు గీ స్టూలు మీద కూసోని దినాం దీస్తవన్నట్టు. చాయ తాగుకుంట."

ఎదుటివాడి చేత ఒక్కొక్క మెట్టూ ఒప్పించి చివరి మెట్టు మీద నిలదీయడాన్ని మాకు రెండేళ్ళు నేర్పారు. అంత శుభ్రంగా ఎవరూ చేయగా నేను చూడలేదు. నా వాదనలో తప్పు లేదు. నాకు అనుకూలమైన చోట దాన్ని ఆపేశానంతే. అవ్వ దాన్ని ఇంకో నాలుగడుగులు నడిపించింది.

"అయితే కాక దుకాణం బంద్ జేసుకోవాల్నా?" అని నడివయసు ఆమె అడిగింది. పైన ఒక విమానం దిగుతూ వెళ్ళింది, ఆ శబ్దం పోయేదాకా ఎవరి మాటా వినిపించలేదు.

ఆ మోత తగ్గాక కాక, "బిడ్డా, నీ జైలు బిళ్ళ తెచ్చినవా? చూపియ్యి వీళ్ళకు," అన్నాడు. మాట మార్చడానికే అన్నాడనుకుంటాను.

నాణెం చేతులు మారింది.

"ఏందే గిది, పిట్టనా, మనిషా?"

"రెండూ. దారం లాగితే పిట్ట చీలిపోయి మనిషి బయటపడతాడు," అన్నాను.

"కట్టుకోని ఆడుతరా?" అని అవ్వ అడిగింది.

"ఆడతారవ్వా."

"ఆడెటోడు మనిషేనా? మనసొంటోడేనా?"

"మనిషే."

"ఏడాదికొక్కసారా, దినామా?"

"పెద్ద పండుగలప్పుడేనట."

అవ్వ డబ్బీని నా చేతిలో పెట్టింది. "గట్లయితే ఇది అమ్మ గాదే. పోతరాజు."

దుకాణం నవ్వులతో నిండిపోయింది. బోనాల నాడు ఒంటికి పసుపు పూసుకుని, మెడలో నిమ్మకాయల దండతో, కొరడా తిప్పుతూ అమ్మవారి ముందు ఎగిరే మనిషి పోతరాజు. ఆ రోజంతా ఆయన అమ్మవారి తమ్ముడు. మర్నాడు మళ్ళీ మామూలు మనిషి. అవ్వకు ఆ నవ్వుల మధ్యే దారి దొరికింది.

"అమ్మ గుడి దాటి రాదు. పోతరాజుకేంది, బజార్ల పొంటి తిరుగుడే ఆయన పని. ఆయన బిళ్ళ కొట్టుకో. విమానం ఎక్కిస్తనంటే ముందుగాల్ల ఉరికేది ఆయనే."

"విమానంల కల్లు దొరుకుతదా అని అడుగుతడు," అంది నడివయసు ఆమె.

నేను ఊరుకోలేకపోయాను. "కానీ అవ్వా, పోతరాజు కూడా దేవుడే కదా? మరి ఆయన్ని అమ్మడం తప్పు కాదా?"

"దేవుడే బిడ్డా. కాదంటినా? తిరిగే దేవుడు. తిరిగేటోన్ని తిప్పితే తప్పేంది? నిలిచినోల్లను లేపితే తప్పు." ఆమె అంతలోనే ఆగింది. "గని అడగాలె. అడగకుంట చేస్తే ఆయనైనా ఊకోడు."

ఎవర్ని అడగాలన్నది ఆమెకు సందేహమే కాలేదు. నడుముకు దోపుకున్న సంచిలోంచి ఫోను తీసి పక్కామెకిచ్చింది. ఆ ఏడు పోతరాజుగా ఆడబోయేది వాళ్ళ ఊరి మనిషే, విమానాశ్రయం దగ్గర క్యాబు నడుపుతాడు. పక్కామె నంబరు కలిపి స్పీకరు పెట్టింది.

"ఏమిరా, గీడ అవుసలాయన నీ మొకం బిళ్ళ మీద కొట్టి అమ్ముకుంటడంట. ఏమంటవ్?" అని అవ్వ అరిచింది.

అటు నుంచి హారను, తర్వాత గొంతు వినిపించాయి. "నా మొకమా, పోతరాజు మొకమా?"

"పోతరాజుదే. నీ మొకం ఎవడు కొంటడురా?"

"అయితే మంచిదే. ఆడెటోల్లం ముగ్గురమున్నం, వాళ్ళకు నేను చెప్త. మీసం మాత్రం పెద్దగ పెట్టుమను. ప్యాసింజర్ ఉన్నడు, పెట్టేస్తున్న."

ఒక టంకశాల కరపత్రంలో నాకు దొరకని లాంటి జవాబును, ఒక్క ఆటోలో వచ్చిన స్త్రీలు నిమిషంలో ఫోను చేసి కనుక్కున్నారు. అలాంటి ఫోను ఆ సముద్రతీరంలోనూ ఎవరో ఎవరికో చేసే ఉంటారేమో. కరపత్రంలో రాయనంత మాత్రాన జరగలేదని నేనెలా అనగలను?

కాక రెండు రోజులు దుకాణం తలుపులు సగం మూసి పనిచేశాడు. శనివారం వ్యాపారి వస్తాడని తెలిసి నేనూ వెళ్ళాను. మర్నాడు గుడికి వెళ్ళాల్సిన ముఖాన్ని కాక గుడ్డలో చుట్టి పై అరలో పెట్టాడు. ఎదురుగా రూపాయి బిళ్ళకు రెండింతలున్న వెండి బిళ్ళ ఒకటే ఉంది. గుడ్లురిమే కళ్ళు, చెంపల దాకా పాకిన మీసం, నుదుటి నిండా బొట్టు.

వ్యాపారి దాన్ని తిప్పి చూశాడు. చల్లగా మాట్లాడే మనిషి. "బాగుందండీ. కానీ నేనడిగింది ఇది కాదు కదా. అమ్మవారయితే ప్రయాణికులు భక్తితో కొంటారు."

"గది రేపు గుడికి పోతది సార్. గిది ఉంటది," అన్నాడు కాక.

"అచ్చు తీసుకోవడానికి ఇవాళ ఒక్క గంట చాలు. ఏమ్మా, మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. కాస్త ఆయనకు చెప్పండి."

"నేను ముందే చెప్పానండీ. నేను చెప్పింది తప్పు," అన్నాను.

ఆయన నన్నొకసారి వింతగా చూసి, మళ్ళీ బిళ్ళ వైపు తిరిగాడు. "పోనీ, మీసమైనా తగ్గించండి. విదేశీయులు జడుసుకుంటారు."

"తగ్గియ్య సార్. మాటిచ్చిన. జడుసుకోవాల్ననే గద ఆయన ఉన్నది."

వ్యాపారి నవ్వాడు. బిళ్ళను బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. అద్దాల తలుపు వెలుతురులో దాన్ని అటూ ఇటూ వంచాడు. బిళ్ళ నీడ బల్ల మీద పడి కదిలింది. కాక చూపు ఆ బిళ్ళ మీద లేదు, దాన్ని పట్టుకున్న వేళ్ళ మీద ఉంది.

"ఏడాది పని అని మాత్రం ఇప్పుడు చెప్పలేను. ముందు ఒక యాభై చేయండి. అవి అమ్ముడుపోతే చూద్దాం," అన్నాడు వ్యాపారి చివరికి.

మొదట ఆయన ఇస్తానన్న పనిలో ఇది ఏ మూలకూ రాదు. దసరా దాకా దుకాణం నడవడానికి సరిపోతుందేమో. ఆ తర్వాత ఎవరికీ తెలియదు. వ్యాపారి వెళ్ళిపోయాక కాక ఫోను తీసి గోదాము మేస్త్రీకి కలిపాడు.

"అన్నా, నేను ఇప్పట్ల రాను. ఆ డ్యూటీ ఇంకెవలకన్న ఇచ్చెయ్యి." అటు నుంచి ఏదో అడిగారు. "ఎప్పటిదాంక అంటే ఏం చెప్త అన్నా? యాభై మీసాలు అమ్ముడుపోవాలె."

ఫోను పెట్టేసి లక్క ముద్దను పొయ్యి దగ్గరికి జరిపాడు. అది మెత్తబడాలి.